తేరుకునే రోజులే కీలకం

కుంగుబాటుతో ఆసుపత్రిలో చేరిన మనిషి గోడవైపు తిరిగి పడుకున్నన్నాళ్లూ ఇంటివాళ్లు కంటిమీద కునుకు లేకుండా కనిపెట్టుకుని ఉంటారు. మందులు మొదలై రెండు వారాలు గడిచి, మనిషి లేచి తల దువ్వుకుని నాలుగు ముద్దలు తిన్నాడో లేదో, "ఇంక ఫర్వాలేదు సిస్టర్, పొలం పనులున్నాయి" అని బస్సెక్కుతారు. మానసిక వార్డులో నర్సులమైన మాకు పని పెరిగేది సరిగ్గా అప్పుడే.

కుంగుబాటు మందులు పూర్తిగా పట్టుకోవడానికి కొన్ని వారాలు పడుతుంది. చాలామందిలో ముందు నిద్ర కుదురుకుంటుంది, ఆకలి వేస్తుంది, ఒంట్లో సత్తువ వస్తుంది. "నా బతుకు దండగ" అన్న తలపు మాత్రం అంత త్వరగా వదలదు. చావాలన్న ఆలోచన ఇంకా లోపలుండగానే సత్తువ తిరిగొచ్చే రోజులివి. ఉన్నట్టుండి మొహం తేటపడినా, ఇష్టమైన వస్తువులు పక్కవాళ్లకు పంచిపెడుతున్నా, అప్పగింతల్లా మాట్లాడుతున్నా మేం సంతోషించే ముందు పక్కన కూర్చుంటాం. "చచ్చిపోవాలనిపిస్తోందా అమ్మా?" అని సూటిగానే అడుగుతాం. అలా అడిగితే లేనిపోని ఆలోచన పుట్టించినట్టవుతుందని ఇంటివాళ్లు భయపడతారు. కాదు. అడిగినందుకు ఊపిరి పీల్చుకున్నవాళ్లనే నేను ఎక్కువగా చూశాను.

మందులిచ్చే ట్రాలీ దగ్గరే సగం నర్సింగ్ ఉంది. మాత్ర చేతిలో పెట్టి పక్క మంచానికి వెళ్లిపోతే పని అయినట్టు కాదు. నీళ్లు తాగించి, "మీ అమ్మాయి ఫోన్ చేసిందా?" అని నాలుగు మాటలు మాట్లాడించి గాని కదలకూడదు. మాత్ర కడుపులోకి వెళ్లిందో, బుగ్గన ఉందో ఆ మాటల్లో తెలిసిపోతుంది. స్నానం సంగతీ అంతే. లోపల అంతా బరువెక్కిన మనిషిని "స్నానం చేస్తారా?" అని అడిగితే "వద్దు" అనే మాటే వస్తుంది. అవునో కాదో తేల్చుకోవడమే ఆ మనిషికి మోయలేని పని. "నీళ్లు కాగాయి, తువ్వాలు ఇదిగో, పదండి" అంటే నెమ్మదిగా లేస్తారు. జవాబు రావడానికి ఒక్కోసారి నిమిషం పడుతుంది. ఆ నిమిషం ఆగడం కొత్తగా వచ్చిన నర్సింగ్ విద్యార్థులకు అన్నిటికన్నా కష్టం. "ధైర్యంగా ఉండండి" అని తొందరపడి నింపేస్తారు. 1952లో హిల్డెగార్డ్ పెప్లో అనే అమెరికన్ నర్సు ఒక పుస్తకం రాసి, నర్సుకూ రోగికీ మధ్య కుదిరే సంబంధమే చికిత్సలో భాగమని చెప్పింది. మా సిలబస్‌లో అది పరీక్షకు చదివే పాఠం. అర్థమయ్యేది మాత్రం ఆ నిమిషం మౌనంగా కూర్చున్నప్పుడే.

కుంగుబాటూ ఉన్మాదమూ మారిమారి వచ్చే బైపోలార్ జబ్బు ఉన్నవాళ్లలో మంచి కబురులా కనిపించి మోసం చేసేది మరొకటుంది. తెల్లవారుజామున మూడింటికే లేచి, తలస్నానం చేసి, వార్డులో అందరి దుప్పట్లూ మడతపెట్టి, నవ్వుతూ తిరుగుతున్న మనిషిని చూసి "ఎంత హుషారుగా ఉందో" అని తల్లి మురిసిపోతుంది. మేం నైట్ డ్యూటీలో రాసిన నిద్ర చార్టు చూస్తాం. నిద్ర తగ్గిపోతున్నా అలసట లేదంటే ఉన్మాద దశ తలుపు తడుతున్నట్టే. ఆ దశ ముదిరితే కంచం ముందు కూర్చోబెట్టడం ఎవరివల్లా కాదు. అప్పుడు అరటిపండో, చుట్టిన చపాతీయో, సున్నుండో చేతిలో పెడతాం. నడుస్తూనే తింటారు. టీవీ కట్టేస్తాం, చుట్టూ మూగిన చుట్టాలను పంపేస్తాం, ఒక్కో మాటా పొట్టిగా చెబుతాం. వాదన పెట్టుకోం.

ఇక లిథియం. 1949లో ఆస్ట్రేలియా డాక్టర్ జాన్ కేడ్ ఉన్మాదానికి ఇది పనిచేస్తుందని చూపించాడు. ఇప్పటికీ ఎందరినో నిలబెడుతున్న మందు. చివరి మోతాదు వేసుకున్న 12 గంటలకు రక్తం తీసి చూస్తే లిథియం సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 1.2 మిల్లీఈక్వివలెంట్ల (mEq/L) దాకా ఉండాలి. 1.5 దాటితే విషంగా మారే ప్రమాదం ఉంది. మన ఎండలకు ఈ లెక్క చాలా ముఖ్యం. ఒంట్లో నీరూ ఉప్పూ తగ్గితే కిడ్నీలు లిథియాన్ని బయటికి పంపకుండా పట్టి ఉంచుతాయి. మే నెలలో చెమటలు కక్కే కూలి పని, విరేచనాలు, కటిక ఉపవాసం, ఎవరో చెప్పారని మొదలుపెట్టిన ఉప్పులేని పథ్యం, మోకాళ్ల నొప్పికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకున్న డైక్లోఫెనాక్: మందు మోతాదు మార్చకపోయినా వీటిలో ఏదైనా ఆ అంకెను పైకి లాగొచ్చు. చేతులు బాగా వణకడం, వాంతులు, అడుగు తడబడటం, మాట ముద్దగా రావడం కనిపిస్తే, తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే ఆసుపత్రికి తీసుకురావాలి. డిశ్చార్జి రోజు పక్కన కూర్చుని ఇది వివరించడానికి పావుగంట చాలు. నర్సుకు ఆ పావుగంట మిగలనివ్వని వార్డు ఎన్ని మంచాలున్నా మంచి వార్డు కాదని నా అభిప్రాయం.

హైదరాబాద్‌లో మానసిక ఆసుపత్రి ఉన్న ఎర్రగడ్డ పేరు ఎత్తితేనే వెక్కిరింపుగా నవ్వే ఊళ్లో, తిరిగి చూపించుకోవడానికి రావాలంటే మనుషులు ఎంత సిగ్గు దిగమింగుకోవాలో ఆలోచించండి. ఆత్మహత్యకు ప్రయత్నించినవాళ్లకు పోలీసు కేసు అవుతుందన్న భయం కూడా ఉంటుంది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యకు ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టే భావించాలి. వేరుగా రుజువైతే తప్ప శిక్షించకూడదు. సంరక్షణ, చికిత్స ఇవ్వాల్సిన బాధ్యత ప్రభుత్వానిదే.

మీ ఇంటికి ఇలాంటి మనిషి ఆసుపత్రి నుంచి తిరిగొస్తే, మొదటి కొన్ని వారాలు ఒంటరిగా వదలకండి. మాత్రలు మీ దగ్గరే పెట్టుకుని పూటపూటకూ మీ చేత్తో ఇవ్వండి. "బాగైపోయిందిగా" అని సొంతంగా ఆపేయనివ్వకండి. ఎన్ని గంటలు నిద్రపోయారో క్యాలెండర్ మీద రాయండి. అనుమానం వస్తే సూటిగా అడగండి. అర్ధరాత్రయినా టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు, డబ్బు కట్టక్కర్లేదు.