ఇల్లు సరే, వాకిలి ఏది? – పలమనేరు నేపథ్యంలో పేదల గృహవిధానం

తెలుగులో ‘ఇల్లు’ ఒంటరి పదం కాదు. ఇల్లూ వాకిలీ, గొడ్డూ గోదా అంటూ సంసారాన్ని జంటపదాలతో చెప్పుకోవడం ఈ భాషకు అలవాటు. 2020 డిసెంబరు 25న ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పట్టాల పంపిణీ మొదలుపెట్టిన ‘నవరత్నాలు – పేదలందరికీ ఇళ్లు’ పథకం ఈ జంటలో మొదటి పదాన్ని మాత్రమే స్వీకరించింది. పట్టణాల్లో సెంటు, గ్రామాల్లో సెంటున్నర స్థలం, 340 చదరపు అడుగుల ఇల్లు, 1.80 లక్షల రూపాయల సాయం దాని స్వరూపం. పట్టాను స్త్రీ పేరున ఇవ్వడం అందులోని విలువైన అంశం. దానిని తక్కువ చేయడానికి వీలులేదు. చిక్కంతా కొలతలో ఉంది.

సెంటు అంటే 435.6 చదరపు అడుగులు. ఇల్లు పోగా మిగిలేది సుమారు 95. పలమనేరు వంటి చోట ఈ మిగులే అసలు ప్రశ్న. పాడి, పట్టుపురుగుల పెంపకం, మట్టిపని ఈ ప్రాంతపు బతుకుతెరువులు. మూడూ ఇంటిని ఆనుకొని సాగేవే. పాడి ఆవుకు 3.5 చదరపు మీటర్ల కప్పు, 7 చదరపు మీటర్ల ఆరుబయలు అవసరమని పశుపోషణ శాస్త్రం చెబుతుంది. రెండూ కలిపి దాదాపు 113 చదరపు అడుగులు. పొట్టిదనానికి పేరుపడిన పుంగనూరు ఆవును సంరక్షించే పశుపరిశోధన స్థానం పలమనేరులోనే ఉంది. ఆ పొట్టి ఆవు ఎలాగో ఇముడుతుందనుకున్నా, గడ్డివాము, పేడదిబ్బ ఎక్కడ? కుమ్మరి సారెను వసారాలో తిప్పుకోవచ్చు. కుండలు ఆరడానికి ఎండపొడ, కాల్చడానికి ఆవం కావాలి.

గృహాన్ని నామవాచకంగా కాక క్రియగా చూడాలని జాన్ టర్నర్ 1972లో వాదించాడు. ఈ పథకం ఊహించిన పేదవాడు పగలంతా ఎక్కడో పనిచేసి రాత్రికి నిద్రించడానికి వచ్చేవాడు. విజయవాడ కూలీకి కొంతవరకు సరిపోయే ఈ ఊహ పలమనేరు పాడిగృహిణికి సరిపోదు. 2021 అక్టోబరులో రాష్ట్ర హైకోర్టు ఏకసభ్య న్యాయమూర్తి స్థల పరిమాణాన్ని తప్పుపట్టారు. ఆ తీర్పు నిలవలేదు. అయితే నాటి చర్చ కూడా ప్రధానంగా నివాసయోగ్యత చుట్టూనే తిరిగింది, ఉపాధి దాకా రాలేదు.

2024లో ప్రభుత్వం మారాక పట్టణాల్లో రెండు సెంట్లు, గ్రామాల్లో మూడు సెంట్లు అన్న విధానం వచ్చింది. కొలత పెరిగింది, కొట్టానికి, ఆవానికి ఉమ్మడి స్థలం కేటాయించే ఆలోచన మాత్రం విధానంలో కేంద్రస్థానానికి రాలేదు. సెంటులో ఇప్పటికే గోడలు లేపుకొన్న వారికి పక్క స్థలం పొరుగువారిది.