వేలిముద్రకు ముందు

వైద్య పరిశోధనలో నీతి అనగానే మనకు గుర్తొచ్చేది సమ్మతి పత్రం. పరిశోధకుడు వివరిస్తాడు, రోగి సంతకం చేస్తాడు. సంతకం రానివారు వేలిముద్ర వేస్తారు. అయితే సమ్మతి అనేది అప్పటికే సిద్ధమైన ప్రశ్నకు ఇచ్చే జవాబు మాత్రమే. ఆ ప్రశ్న ఎవరి ఒంటిమీద పరీక్షకు వస్తుందో, దాన్ని రూపొందించేటప్పుడు వారిని అడిగారా అన్నది అంతకు ముందటి విషయం.

మెల్‌బోర్న్ శివారు క్లేటన్‌లో మోనాష్ విశ్వవిద్యాలయం, మోనాష్ మెడికల్ సెంటర్ ఉన్నాయి. అక్కడి పరిశోధనలకు వర్తించే ఆస్ట్రేలియా జాతీయ నైతిక నియమావళి 2007లోనే, సమీక్షా సంఘంలో కనీసం ఎనిమిదిమంది ఉండాలనీ, వారిలో ఇద్దరు సంస్థతో సంబంధంలేని సామాన్యులు కావాలనీ విధించింది. ఆ దేశపు జాతీయ వైద్య పరిశోధన మండలి 2016లో వినియోగదారుల ఆరోగ్య వేదికతో కలిసి వెలువరించిన ప్రకటన, పరిశోధన అన్ని దశల్లోనూ ప్రజలకు పాత్ర ఉండాలన్నది. సమీక్షకుడు పూర్తయిన పథకాన్ని చూసి అభిప్రాయం చెబుతాడు. సలహాదారు ఆ పథకం రూపుకట్టేటప్పుడే దాన్ని మార్చగలడు. ఈ రెండు పాత్రలనూ ఒకటిగా చూడటం పొరపాటు.

ఆ పొరపాటు ఖరీదు తెలియాలంటే మన ఖమ్మం జిల్లాకు రావాలి. 2009లో పాథ్ సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి, రాష్ట్ర ప్రభుత్వం కలిసి భద్రాచలం, కొత్తగూడెం, తిరుమలాయపాలెం మండలాల్లో సుమారు 14,000 మంది బాలికలకు గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌ను నివారించే గార్డసిల్ టీకా వేయించాయి. వారిలో ఆశ్రమ పాఠశాలల గిరిజన బాలికలున్నారు. కొందరు బాలికల మరణాలపై ఆందోళన రేగి, 2010 ఏప్రిల్‌లో కార్యక్రమం ఆగింది. పార్లమెంటరీ స్థాయీసంఘం 2013లో ఇచ్చిన 72వ నివేదిక ప్రకారం, 9,543 సమ్మతి పత్రాల్లో 1,948 వేలిముద్రలతో ఉన్నాయి. 2,763 పత్రాలపై సంతకాలు హాస్టల్ వార్డెన్లవి.

ఆ మరణాలకు టీకా కారణం కాకపోవచ్చుననే విచారణ సంఘం చెప్పింది. అదే టీకాను ఆస్ట్రేలియా 2007 నుంచి బడుల్లో, తల్లిదండ్రుల సమ్మతి పత్రాలు తెప్పించుకుని వేసింది. కనుక ఇక్కడ విమర్శ మందు మీద కాదు. పథకం రాసేచోట ఒక కోయ తల్లి కూర్చుని ఉంటే, సెలవులకు ఇల్లు చేరిన పిల్లకు జబ్బుచేస్తే ఎవరికి చెప్పాలని అడిగి ఉండేది. వార్డెన్ సంతకం తన మాటకు బదులు కాదనీ చెప్పేది.

మన 2019 నాటి ఔషధ పరీక్షల నియమాలు ఏడుగురికి తగ్గని నైతిక సంఘంలో ఒక సామాన్యునికి చోటిచ్చాయి. మంచిదే. కానీ నిపుణుల మధ్య ఒక్క గొంతు ఎంతసేపు నిలుస్తుంది? పైగా ఆ సామాన్యుడు వచ్చేసరికి పథకం అచ్చయి ఉంటుంది. సలహా మండలి నిజమైనదా, అలంకారమా అని తేల్చడానికి మూడు ప్రశ్నలు చాలు: సభ్యులను ఎవరు ఎంచుకున్నారు? ఎప్పుడు పిలిచారు? వారి మాటవల్ల ఏది మారింది?

ఈ పరీక్ష క్లేటన్‌కూ వర్తిస్తుంది. నియమం ఎంత ఉదారమైనదైనా, ఇంగ్లీషు ధారాళంగా వచ్చినవారినే సలహాకు పిలిస్తే, పిల్లల దగ్గర ఉంటున్న తెలుగు వృద్ధుల మాట బల్లదాకా రాదు. కొడుకే దుబాసీ అయి తల్లి తరఫున తలూపినప్పుడు, ఆమె స్థితి వార్డెన్ సంతకం పెట్టిన పిల్ల స్థితికి మరీ దూరం కాదు.