బూడిదదిబ్బలు చెప్పిన సగము కథ

బెళుగుప్ప సీమలో వాన తప్పినపుడెల్ల పెద్దలు "ఇది యీ నేల వ్రాత" యనుట మేము పలుమాఱు వినియున్నాము. నేలకు వ్రాత యున్నచో దానిని చదువుటకు జ్యోతిషముకంటె మట్టిపొరలే మేలని మా యభిప్రాయము. అట్టి పఠనమునకు దారి చూపిన గ్రంథములలో ఆల్చిన్ పండితుడు 1963లో ప్రకటించిన 'నియోలిథిక్ కేటిల్ కీపర్స్ ఆఫ్ సౌత్ ఇండియా' ముఖ్యమైనది.

కల్యాణదుర్గము ప్రాంతమునందలి పాలవాయి మొదలుకొని బళ్లారి, రాయచూరు సీమలవఱకు నక్కడక్కడ బూడిదదిబ్బలు గలవు. హంపి చేరువనున్న నింబాపురపు దిబ్బను వాలి దహనభస్మమని జనులు చెప్పుదురు. ఆల్చిన్ 1957లో నాటి మహబూబునగరము జిల్లాలోని ఉట్నూరు దిబ్బను త్రవ్వించి, దొడ్డిగుంజలు పాతిన గుంటలను, పసులగిట్టల జాడలను కనుగొనెను. నాలుగైదువేల యేండ్లనాటి పశుపాలకులు దొడ్లలో ప్రోగైన పేడను మాటిమాటికి కాల్చగా నేర్పడిన బూడిద యిదియని నిరూపించెను. మూఢవిశ్వాసమును నిందతో గాక నిదర్శనముతో తొలగించుట యీ గ్రంథమున గొప్ప గుణము.

అయినను పసులను చూచినంత శ్రద్ధతో గ్రంథకర్త పైరును చూడలేదు. మట్టిని నీట గలిపి, తేలిన మాడుగింజల నేఱు పద్ధతి యప్పటికి వాడుకలోనికి రాలేదు గనుక దోషము పూర్తిగా నాతనిది గాదు. ఫుల్లర్, కొరిశెట్టర్, వెంకటసుబ్బయ్య మున్నగువారు 2004లో ప్రకటించిన వ్యాసము ఆ కొఱతను చాలవఱకు తీర్చినది. మన జిల్లాలోని వేల్పుమడుగు మొదలుగా ననేక స్థలముల మట్టిని వారు పరీక్షించిరి. ఆనాటి ప్రజలకు ముఖ్యాహారము అండుకొఱ్ఱ మొదలగు చిఱుధాన్యములును, ఉలవలును, పెసలును అని తేలినది. ఇవి యన్నియు కొద్దివానతో పండునవే.

మఱి వాన సంగతి? పాంటన్ మున్నగువారు గోదావరి ముఖమున కెదుట సముద్రగర్భమునందలి బురదలో నిలిచిన ఆకుమైనపు జాడలను శోధించి, సుమారు నాలుగువేల యేండ్లనుండి దేశమున ఎండుదల క్రమముగ హెచ్చెనని 2012లో తెలిపిరి. ఆ బురద బెళుగుప్ప చినుకులను లెక్కింపజాలదు, నిజమే. కాని అనావృష్టి నిన్నటి శాపము గాదనియు, మనుజుడు దాని కనుగుణముగ గింజను ఎంచుకొనగలడనియు ఈ రెండు శోధనలును కలిపి చదివినచో తోచును.

ఈ విచారము పండితులకు మాత్రమే కాదు. ఏట సగటున 550 మిల్లీమీటర్ల వానయే గల జిల్లాలో మనము దక్షిణ అమెరికానుండి వచ్చిన వేరుసెనగ నొక్కదానినే పెక్కేండ్లు నమ్ముకొంటిమి. ఉలవలను పసులదాణా యనియు, కొఱ్ఱలను పేదకూడనియు చిన్నచూపు చూచితిమి. నష్టము వచ్చినపుడు వ్రాతను దూఱితిమి.

దిబ్బల బూడిదను ఎరువుకొఱకు బండ్ల కెత్తుట మానవలెను. తోలిన ప్రతిబండియు మన వ్రాతలో నొక పుటను చింపుచున్నది. చదువకమున్నే పుటలను చింపి, పిదప వ్రాత తెలియదనుట న్యాయమా?