ప్రవాసాగతుని చూపు: కళింగాంధ్రవాఙ్మయమున నొక కొఱఁత

ఆలంకారికులు ప్రవాసమును మిక్కిలి శ్రద్ధతోఁ బరిశీలించిరి. మగఁడు దేశాంతర మేగఁగా నింట వేచియుండు నాయికకుఁ బ్రోషితభర్తృక యని పేరిడి యష్టవిధనాయికలలో స్థానమిచ్చిరి. విప్రలంభశృంగారమునకుఁ బ్రవాసము నొక హేతువుగాఁ జెప్పిరి. కాని మరలివచ్చిన పురుషుఁడు తన యింటి గడపను, తన యూరి నడవడిని క్రొత్తకన్నులతోఁ జూచు నవస్థకు వారు పేరిడినట్లు కానరాదు. కవులును దానిని విస్మరించిరా యనునది విచారణీయము.

మనుచరిత్రమునఁ బెద్దన ప్రవరుని హిమాలయమునకుఁ గొనిపోయెను. ఇల్లు చేరవలెనను నాతని తహతహయే యా ఘట్టమునకుఁ బ్రాణము. ఐనను అగ్నిదేవుని యనుగ్రహమున నిల్లు చేరినంతనే ప్రవరుఁడు యథాపూర్వముగ నిత్యకర్మములఁ బ్రవర్తిల్లెను. కథ వరూధిని వెంటఁ బోయెను. దేవభూమిని జూచి వచ్చినవానికి అరుణాస్పదపురము మఱునాఁ డెట్లు తోఁచెనో కవి చెప్పలేదు. ఇది దోషము గాదు. ప్రవరుని నిష్ఠ చలింపలేదనుటయే కవితాత్పర్యము. చూపు మాఱినచోఁ బ్రవరుఁడు ప్రవరుఁడు గాఁడు.

ఈ చూపును వచనమునఁ బట్టి యిచ్చినవాఁడు ఏనుగుల వీరాస్వామయ్య. చెన్నపట్టణపు సుప్రీముకోర్టులో ద్విభాషిగా నుండి, 1830లో బయలుదేఱి, కాశీ సేవించి, జగన్నాథము మీఁదుగాఁ గళింగతీరపు బాటను 1831లో మరలెను. 1838లో ముద్రితమైన యాతని కాశీయాత్రచరిత్రలో బాటలు, సత్రములు, నాణెములు, ఆహారములు, ఆచారములు, భాషలు ఊరూరికిని దెలుపఁబడినవి. పోవునాఁడు వింతలు చూచినవాఁడు వచ్చునాఁడు తన దేశమును సయితము పరదేశమువలె లెక్కించి చూచుట యా గ్రంథమునకు విలువ. కాని యాతఁడు బోయీలతోను బరివారముతోను బోయిన యధికారి. మిత్రునకు లేఖలు వ్రాయఁగల విద్యావంతుఁడు.

విజయనగరమున 1892లోఁ బ్రదర్శితమై 1897లో నచ్చైన కన్యాశుల్కమున దేశాంతరము లేదు. పట్టణమునుండి యగ్రహారమునకు వచ్చుటయే కలదు. అంతమాత్రమే గురజాడకుఁ జాలెను. ఇంగ్లీషు చదువుచున్న వెంకటేశము గిరీశముతోఁ గృష్ణరాయపురము చేరఁగా, తల్లి వెంకమ్మ వారిరువురి యింగ్లీషు మాటలు వినఁగోరును. గిరీశము పసిపిల్లల పాటను వల్లించును. తల్లి మురియును, ప్రేక్షకుఁడు నవ్వును. ఇందు గమనింపవలసినది యొకటి గలదు. తిరిగివచ్చిన బాలుఁడు తన యింట నేమియుఁ జూడలేదు. అక్క బుచ్చమ్మ బాలవైధవ్యము గాని, చెల్లెలు సుబ్బిని లుబ్ధావధానులకుఁ గట్టఁబెట్టు నూహ గాని వానికి వింతగాఁ దోఁచినట్లు లేదు. వానికిఁ గలుగవలసిన చూపును గురజాడ ప్రేక్షకునకు నిచ్చెను. అగ్రహారమున నిత్యవ్యవహారమైనది రంగస్థలముపై ఘోరముగాఁ గానఁబడుట యీ నేర్పు వలననే.

అయినను శ్రీకాకుళ విజయనగర ప్రాంతముల జనసామాన్యమునకు దేశాంతరమనఁగా రంగము, అనఁగా రంగోను. భీమునిపట్నము, కళింగపట్నము, బారువ రేవులనుండి వేలకొలఁది కూలీలు పొగయోడ లెక్కి బర్మా బియ్యపుమిల్లులకును, ఓడరేవు పనులకును బోయిరి. 1931 జనాభా లెక్కలనాఁటికి బర్మాలోని తెలుఁగువారు లక్షకు మించిరి. వారిలోఁ బురుషులే యధికము. ఈ వలసనుగూర్చి పల్లెపాటలు పుట్టినవి. కాని ప్రచారమందున్న పాటలో నాయిక మరల నా ప్రోషితభర్తృకయే. రంగము పోవు మగనిఁ దలఁచి పాడునది యామె. వచ్చినవాని గొంతు వినఁబడదు.

వాఁ డేమి చూచియుండును? బర్మాలో నంగళ్లయందు స్త్రీలు తామే బేరసారములు సాగించుచుండిరి. బౌద్ధులలో మన కులకట్టుబాట్లు లేవు. అట్టిచోట నేండ్లు గడపినవానికి, మాలపల్లెయు నూరును వేఱువేఱుగా నున్న తన గ్రామము దిగినదినమున నెట్లు తోఁచెను? రంగము స్వర్గము గాదు. మేస్త్రీల యప్పులు, 1930 మే నెలలో రేవుకూలీలపై జరిగిన దొమ్మీ, 1942లో నరకాను మణిపురపు కొండల మీఁదుగాఁ గాలినడకను సాగిన పలాయనము దానికి సాక్ష్యము. 1964 మొదలుకొని మరల వేలమంది వచ్చిరి. విశాఖపట్టణపు బర్మాక్యాంపు పేరు వారి జ్ఞాపకమే. వారిలో బర్మాలోనే పుట్టినవారును గలరు. అట్టివారికి వచ్చినది స్వదేశమో, విడిచినది స్వదేశమో యను సంశయము కావ్యవస్తువు గాదా?

వ్రాఁత రానివాని యనుభవము సాహిత్యమున లేకుండుట వాని దోషము గాదు, విని వ్రాసికొననివారి దోషము. శ్రీకాకుళ ప్రాంతమునఁ బుట్టిన గిడుగు రామమూర్తి సవరల నోట విని వారి భాషకు వ్యాకరణమును నిఘంటువును గూర్చెను. ఆ మార్గము తెఱచియే యున్నది. 1964లో వచ్చినవారు వృద్ధులైరి. 1942లో నడచివచ్చినవారి మాట మనుమల నోట మాత్రమే మిగిలినది. దానిని గ్రాంథికమునకు దిద్దక, వారు చెప్పినట్లే వ్రాసికొనుట పండితుల కర్తవ్యము. అది జరుగునంతవఱకు గళింగాంధ్రవాఙ్మయచరిత్ర రేవులో వీడ్కోలుతో నాగిన కథయే యగును.