మార్కుల పట్టికలో లేనిది

ఇంగ్లండులో నేను కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీలో, అందరూ సి.బి.టి. అని పిలిచే మానసిక చికిత్సలో, శిక్షణ పొందుతున్న రోజులవి. నా దగ్గరకి ఒకామె వచ్చేది. మన తెలుగావిడే. ఆమెని గుర్తుపట్టే వివరాలేవీ ఇక్కడ రాయడం లేదు, కొన్ని మార్చాను కూడా. భర్త ఉద్యోగ వీసా మీద ఆధారపడి ఈ దేశం వచ్చింది. నిద్ర లేదు, ఆకలి లేదు, ఎప్పుడూ గుండెదడ. కోర్సు కోసం ఆమె అనుమతితో మా సంభాషణ రికార్డు చేసేదాన్ని. అందుకని ఇంగ్లీషులోనే మాట్లాడుకునేవాళ్ళం. మాట తడబడినప్పుడు మాత్రం ఆమె తెలుగులోకి జారేది.

"నేను నోరెత్తితే నన్ను ఇండియా పంపించేస్తాడు, బాబుని ఇక్కడే ఉంచేసుకుంటాడు" అంది ఒకరోజు. నేనేం చేశానో తెలుసా? ఆలోచనల పట్టిక తీసి ఆ మాటని 'ఆలోచన' అనే గడిలో రాయించాను. పక్కన 'గోరంతలు కొండంతలు చేసుకోవడం' అని పేరు పెట్టాను. ఈ ఆలోచనని ఎంత శాతం నమ్ముతున్నారని అడిగితే తొంభై అంది. అనుకూలంగా ఉన్న ఆధారాలు ఒక గడిలో, వ్యతిరేకంగా ఉన్నవి మరో గడిలో నింపించాను. గంట చివరికి తొంభై కాస్తా అరవైకి దిగింది. నాకెంత సంతోషమేసిందో!

ఆ రికార్డింగ్ కోర్సులో మార్కులు వేసే ఒకాయన దగ్గరకి వెళ్ళింది. థెరపిస్టుగా, సూపర్‌వైజర్‌గా, ట్రైనర్‌గా ఉండవలసిన గుర్తింపులన్నీ ఉన్నాయాయనకి. డెబ్బై రెండుకి నలభై నాలుగు వేశారు. "సహకారం బాగుంది, సమయపాలన బాగుంది, హోంవర్క్ స్పష్టంగా ఉంది" అని రాశారు.

అదే రికార్డింగ్‌ని నేను పనిచేసే చోట నా సూపర్‌వైజర్ కూడా వింది. పాతికేళ్ళు నర్సుగా చేసి ఈ పనిలోకి వచ్చిన నల్లజాతి స్త్రీ ఆవిడ. సూపర్‌వైజర్‌గా ఆవిడకి ఏ సర్టిఫికెట్టూ లేదు. పంతొమ్మిదో నిమిషం దగ్గర ఆపేసింది. "ఇక్కడ ఆమె మీ భాషలో ఏదో అంది. ఏమంది?"

నేను మళ్ళీ విన్నాను. "పాస్‌పోర్టులు ఆయన దగ్గరే ఉన్నాయండీ."

"అయితే ఇది ఆలోచన కాదు, వార్త" అంది ఆవిడ.

*

ఇప్పుడు నేను కూడా సూపర్‌వైజర్‌గా గుర్తింపు కోసం దరఖాస్తు నింపుతున్నాను. నింపుతుంటే ఆ పంతొమ్మిదో నిమిషం మళ్ళీ మళ్ళీ గుర్తొస్తోంది. ఈ దరఖాస్తుని మనం కథనో నవలనో చదివినట్టు, అందులో ఎవరి గొంతు వినిపిస్తోంది, ఎవరిది వినిపించడం లేదు అని చదవాలనిపించింది.

ముందు నేపథ్యం కొంత. బ్రిటన్‌లో 'సైకోథెరపిస్టు', 'కౌన్సెలర్' అన్న పేర్లకి చట్టరక్షణ లేదు. ఎవరైనా బోర్డు పెట్టుకోవచ్చు. అందుకే వృత్తి సంఘాలిచ్చే గుర్తింపుకి అంత విలువ. సి.బి.టి.కి సంబంధించి పెద్ద సంఘం బి.ఎ.బి.సి.పి. 1972లో బిహేవియరల్ చికిత్సల సంఘంగా మొదలై, 1992లో 'కాగ్నిటివ్'ని పేరులో కలుపుకుంది. అదే 1972లో లండన్‌లోని మాడ్‌స్లీ ఆసుపత్రిలో ఐజాక్ మార్క్స్ నర్సులకి బిహేవియర్ థెరపీలో శిక్షణ ఇవ్వడం మొదలుపెట్టాడు. డాక్టర్లూ సైకాలజిస్టులూ మాత్రమే చేయగలరనుకున్న పనిని నర్సులు చేసి చూపించారు. నా సూపర్‌వైజర్ ఆ దారిలో నడిచి వచ్చినావిడే. ఆ చరిత్రని సర్టిఫికెట్ల చర్చలో మనం మర్చిపోకూడదు.

ఈ సంఘం గుర్తింపు మూడు రకాలు. మొదటిది చికిత్స చేసేవాళ్ళకి. రెండోది వాళ్ళ పనిని పర్యవేక్షించే సూపర్‌వైజర్లకి. మూడోది నేర్పే ట్రైనర్లకి. మొదటిది లేకుండా తర్వాతవి రావు. సూపర్‌వైజర్ కావాలంటే ఆ పనిలో విడిగా శిక్షణ ఉండాలి. తన సూపర్‌విజన్‌ని మరొకరి ముందు పెట్టాలి. అంటే వినేవాళ్ళని వినేవాళ్ళుండాలి, వాళ్ళనీ ఎవరో ఒకరు వినాలి. థెరపిస్టుకి ఎన్నేళ్ళ అనుభవమున్నా సూపర్‌విజన్ ఆగదు. నాకిది చాలా ఇష్టమైన నియమం. లెక్చరర్‌గా ముప్పై ఏళ్ళు చేసినా మన క్లాసు వినడానికి ఎవరూ రారు. ఈ వృత్తి మాత్రం ఎవరినీ ఒంటరిగా వదలదు.

పైగా సి.బి.టి. నేర్చుకునేవాళ్ళు తాము థెరపీ చేయించుకుని తీరాలన్న నిబంధన లేదు. సైకో ఎనాలిసిస్‌లో అది తప్పనిసరి. కాబట్టి మన కులం, మన వర్గం, మన జెండర్ మన వినికిడిని ఎలా మలుస్తున్నాయో ఎవరైనా పట్టుకుని చూపించే అవకాశం ఉన్నది సూపర్‌విజన్ గదిలోనే. అక్కడా పట్టుకోకపోతే ఇక అంతే.

*

మరి ఆ గదిలో దేన్ని కొలుస్తారు? నాకు నలభై నాలుగు మార్కులు తెచ్చిన కొలబద్ద 1980లో జెఫ్రీ యంగ్, ఆరన్ బెక్ తయారుచేసినదానికి సవరణ. 2001లో ఐవీ-మేరీ బ్లాక్‌బర్న్, ఇయాన్ జేమ్స్ తదితరులు దాన్ని తిరగరాశారు. మొత్తం పన్నెండు అంశాలు, ఒక్కోదానికి సున్నా నుంచి ఆరు. ఎజెండా వేసుకోవడం, అభిప్రాయం అడగడం, సహకారం, వేగం, కీలకమైన ఆలోచనలు రాబట్టడం, హోంవర్క్ ఇవ్వడం... సగం, అంటే ముప్పై ఆరు వస్తే సాధారణంగా గట్టెక్కినట్టే. సూపర్‌వైజర్ల నైపుణ్యం కొలవడానికి కూడా 2011లో డెరెక్ మిల్న్ బృందం ఇలాంటిదే మరో కొలమానం తెచ్చింది.

ఇవన్నీ దండగ అనను. ఎజెండా కలిసి వేసుకోవడమంటే గదిలో అధికారం పంచుకోవడమే. కానీ పన్నెండింటిలో ఎక్కడా 'ఇది నిజంగా ఆమె ఆలోచనలోని లోపమేనా, ఆమె బతుకులోని వాస్తవమా?' అన్న ప్రశ్న దానంతటది లేదు. వ్యక్తి సమస్యని సమగ్రంగా అర్థం చేసుకోవడమనే అంశంలో దాన్ని ఇరికించవచ్చు. తలచుకుంటేనే. ఆయనకి తట్టలేదు, నాకూ తట్టలేదు. నేను స్త్రీని, తెలుగుదాన్ని. అయినా తట్టలేదు!

ఇక్కడ పద్ధతికి న్యాయం చెయ్యాలి. ఆలోచన నిజమని తేలితే దానితో వాదించకండి, ఆ సమస్యని పరిష్కరించే దారి వెతకండి అని సి.బి.టి. పాఠాలే చెబుతాయి. తప్పు పుస్తకంలో లేదు. ఏది ఆలోచన, ఏది వార్త అని తేల్చే చెవి ఎవరిది అన్నదే అసలు సంగతి. 'వ్యక్తిగతమంతా రాజకీయమే' అని మనం ఎన్నో ఏళ్ళుగా అంటున్నాం. చెవి సరిగా లేకపోతే థెరపీ గదిలో దీనికి తలకిందులైన పని జరుగుతుంది. వీసా, పాస్‌పోర్టు, పిల్లవాడి భవిష్యత్తు అన్నీ కలిసి ఒక స్త్రీ తలలోని 'పొరపాటు'గా మారిపోతాయి. దానికి మంచి మార్కులు కూడా వస్తాయి.

సూపర్‌విజన్‌కి మూడు పనులున్నాయని 1980లలో బ్రిజిడ్ ప్రాక్టర్ అనే ఆవిడ చెప్పింది. నాణ్యత చూడటం, నేర్పడం, పనిలో అలసిన మనిషిని తిరిగి నిలబెట్టడం. ఇంగ్లండు ప్రభుత్వ ఆరోగ్య సేవలో 2008లో మొదలై, 2023లో పేరు మారిన టాకింగ్ థెరపీస్ పథకంలో మొదటి పనిదే రాజ్యం. ప్రతి కలయికలోనూ క్లయింటు రెండు ప్రశ్నపత్రాలు నింపాలి. కుంగుబాటు అంకె పది కంటే, ఆందోళన అంకె ఎనిమిది కంటే తగ్గితే 'కోలుకున్నట్టు'. చికిత్స ముగించినవాళ్ళలో సగం మందైనా కోలుకోవాలన్నది లక్ష్యం. సూపర్‌విజన్ గంటలో చాలాభాగం ఈ అంకెల చుట్టూనే తిరుగుతుంది. ఈ పనిచేసేవాళ్ళలో ఎక్కువమంది స్త్రీలే. రోజంతా ఇతరుల దుఃఖం విని ఇంటికెళ్ళి మళ్ళీ వినేవాళ్ళు. వాళ్ళని నిలబెట్టే మూడో పనికి సమయమే మిగలదు.

*

ఇదంతా చదివి 'అయితే ఈ సర్టిఫికెట్లే వద్దు' అని ఎవరైనా అంటారేమో. అలా అనడానికి నాకు నోరు రాదు. మా పెద్దమ్మ కూతురు దెబ్బలు భరించలేక మా జిల్లా కేంద్రంలో ఒక కౌన్సెలర్ దగ్గరకి వెళ్ళింది. "మీరే కాస్త సర్దుకోవాలమ్మా, మగవాళ్ళకి బయట సవాలక్ష టెన్షన్లు" అందావిడ. ఆ మాట ఎవరూ రికార్డు చేయలేదు. ఏ పంతొమ్మిదో నిమిషం దగ్గరా ఎవరూ ఆపలేదు. 1992 నాటి చట్టం కింద రిహాబిలిటేషన్ కౌన్సిల్ క్లినికల్ సైకాలజిస్టులని నమోదు చేస్తుంది. మిగిలిన సైకాలజిస్టులూ కౌన్సెలర్లలో కొందరూ 2021లో వచ్చిన అనుబంధ ఆరోగ్య వృత్తుల చట్టం జాబితాలోకి చేరారు. చట్టం పుస్తకంలో ఉంది. కానీ మన పోలీస్ స్టేషన్లలో, కుటుంబ సలహా కేంద్రాల్లో భార్యాభర్తల్ని కూచోబెట్టి మాట్లాడేవాళ్ళ మాటని వినేదెవరు? అక్కడ సూపర్‌వైజర్ అన్న మాటే కొత్త.

తల్లి మానసిక చికిత్సాలయాల పాలవడం చూస్తూ పెరిగిన భార్గవి దావర్, భారతీయ స్త్రీల మానసిక ఆరోగ్యం మీద 1999లోనే స్త్రీవాద ఎజెండా అంటూ పుస్తకం రాసింది. 2024లో ఆవిడ వెళ్ళిపోయింది. ఆవిడ లేవనెత్తిన ప్రశ్నలు మాత్రం మన వాకిట్లోనే ఉన్నాయి.

కాబట్టి నా తగాదా గుర్తింపుతో కాదు. ఏం నేర్చుకుంటే గుర్తింపు ఇస్తున్నారన్నదానితో. నాకు పాఠాల్లో చెప్పిన ఉదాహరణలన్నీ లిఫ్టు భయం, పరీక్ష భయం, సభలో మాట్లాడే భయం. భర్త భయం ఒక్కటీ లేదు. దీన్ని మార్చవలసింది ట్రైనర్లే. 2019లో బి.ఎ.బి.సి.పి. నల్లజాతి, ఆసియా, ఇతర మైనారిటీ ప్రజలకి సేవలు ఎలా అందించాలో ఒక మార్గదర్శి ప్రచురించింది. మంచి అడుగే. అయితే మార్గదర్శి అలమరలో ఉండటం వేరు, గుర్తింపు ఇచ్చేముందు 'నువ్వు ఎవరి వాస్తవాన్ని పొరపాటు అన్నావో చెప్పు' అని అడగడం వేరు. పన్నెండుకి పదమూడో అంశం చేర్చమని నేను అడగడం లేదు. చేర్చితే దానికీ టిక్కు పెట్టి ముందుకెళ్ళడం నేర్చుకుంటాం. తాను పొరబడిన రికార్డింగ్‌ని, ఆ పొరపాటుని ఎవరు ఎలా పట్టుకున్నారో చెబుతూ, ప్రతి సూపర్‌వైజర్ చేతా వినిపించమంటున్నాను. క్లయింటు భాష తమకి రానప్పుడు ఆపి, అడిగారా లేదా అని చూడమంటున్నాను.

ఆ తెలుగావిడ సంగతి చెప్పలేదు కదూ. తర్వాతి వారం ఆలోచనల పట్టిక బయటికి తీయలేదు. ఆమెకి ముందు నేను క్షమాపణ చెప్పాను. తర్వాత ఇద్దరం కలిసి, సౌతాల్ బ్లాక్ సిస్టర్స్ లాగా 1979 నుంచీ వలస స్త్రీల పక్షాన నిలబడుతున్న సంఘాలకి ఎలా ఫోన్ చెయ్యాలో, ఏ కాగితాలు దాచుకోవాలో రాసుకున్నాం. ఆ గంటకి ఎజెండా లేదు, హోంవర్క్ లేదు. మార్కులు వేస్తే ముప్పై ఆరు కూడా వచ్చేవి కావేమో.

దరఖాస్తులో నా పని గురించి రాయవలసిన చోట ఆ రెండు గంటల గురించీ రాస్తున్నాను. ఆ సర్టిఫికెట్ లేని నర్సమ్మ గురించి కూడా.