ముందుమాట: మళ్లీ లేచే పడవ

పటాన్‌చెరు నుంచి సముద్రం చూడాలంటే ఒక రాత్రంతా బస్సులో కూర్చోవాలి. అలాంటి చోట, ఇస్నాపూర్‌లో పుట్టి పెరిగిన యువకుడు మహాసముద్రాలు దాటే తెరచాప పడవల నిర్మాణం మీద తెలుగులో పుస్తకం రాశాడంటే చాలామంది నమ్మలేదు. నేను వెంటనే నమ్మాను. నా ఉద్యోగ జీవితమంతా ఈ పారిశ్రామికవాడలో ఫైబర్ ట్యాంకుల పనిలో గడిచింది. ఆమ్లం నిలవచేసే ట్యాంకు గోడకూ ఉప్పునీటిలో ఏళ్ల తరబడి తేలే పడవ గోడకూ సరుకు దాదాపు ఒకటే: గాజు మ్యాటు, రెసిన్, హార్డ్‌నర్. వాటి మధ్య గాలిబుడగ మిగలకుండా రోలరుతో ఒత్తే మనిషి చెయ్యి కూడా ఒకటే. రచయిత తండ్రి మా షెడ్డులో అలాంటి చెయ్యి ఉన్న మనిషి. కొడుకు ఆ షెడ్డులోనే తిరుగుతూ పెరిగాడు, నన్ను ఇప్పటికీ ‘పెద్దసారూ’ అనే పిలుస్తాడు.

ఈ నేలకు సముద్రంతో సంబంధం కొత్తదేమీ కాదు. సంగారెడ్డికి దగ్గరలోనే ఉన్న కొండాపూర్ దిబ్బను 1940-41లో తవ్వితే శాతవాహనుల ఊరు బయటపడింది. అక్కడ రోమన్ నాణేలు కూడా దొరికాయి. శాతవాహనులు రెండు స్తంభాల ఓడ బొమ్మతో నాణేలు వేయించారు. ఆ ఓడను ఎలా కట్టారో రాసిపెట్టిన పుస్తకం మనకు మిగల్లేదు. ఇప్పుడు చేతిలోకొచ్చిన ఈ పుస్తకం మీద నాకింత మమకారం ఉండటానికి అదీ ఒక కారణం.

పుస్తకం మొదలవడమే ఐఎన్ఎస్‌వీ తారిణితో మొదలవుతుంది. మంచి ఎంపిక. 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ఆరుగురు నౌకాదళ మహిళా అధికారులు ఆ పడవలో బయలుదేరి, 254 రోజుల్లో భూగోళాన్ని చుట్టి 2018 మే 21న తిరిగి గోవా చేరారు. వర్తికా జోషి నాయకత్వంలోని ఆ ఆరుగురిలో ఇద్దరు మన ఆడపిల్లలు: విశాఖపట్నం స్వాతి, హైదరాబాద్ ఐశ్వర్య బొడ్డపాటి. వాళ్ల ధైర్యం గురించి పత్రికలు అప్పట్లో బాగానే రాశాయి. వాళ్లను మోసిన పడవ గురించి మాత్రం ఎవరూ వివరంగా రాయలేదు. ఆ లోటు ఇక్కడ తీరింది. నెదర్లాండ్స్‌కు చెందిన వాన్ డె స్టాట్ సంస్థ గీసిన టోంగా 56 నమూనా, గోవాలోని అక్వేరియస్ షిప్‌యార్డ్ కట్టుబడి. పొడవు 56 అడుగులు, బరువు 23 టన్నులు, స్తంభం 25 మీటర్లు. గోడల లోపల చెక్క, దానికి రెండు వైపులా ఫైబర్‌గ్లాస్. బరువు పెంచకుండా బలం తెచ్చే పద్ధతి అది.

వాళ్లు తిరిగిన 21,600 నాటికల్ మైళ్లను సముద్రం మీద గడిపిన 199 రోజులతో రచయిత భాగిస్తాడు. సగటున నాలుగున్నర నాట్లు వస్తుంది, అంటే గంటకు 8 కిలోమీటర్ల పైచిలుకు. సైకిలు కంటే నెమ్మది. పడవ సామర్థ్యాన్ని వేగంతో కొలిచే అలవాటు అక్కడే పోతుంది. ఆ వేగానికి హద్దు ఎందుకుందో కూడా చక్కగా చెప్పాడు. నీటిని తోసుకుంటూ పోయే పడవ తన అలను తానే పుట్టిస్తుంది. వేగం పెరిగేకొద్దీ ఆ అల సాగి, చివరికి నీటిగీత దగ్గర పడవ పొడవుతో సమానమవుతుంది. ఆపైన పడవ తన అలను తానే ఎక్కాల్సి వస్తుంది. ఆ పొడవు 36 అడుగులైతే, దాని వర్గమూలం 6ను 1.34తో గుణిస్తే 8 నాట్లు. బరువైన పడవ తెరచాపతో అంతకు మించి పోవడం కష్టం. ఇంటర్ చదివిన పిల్లలు కూడా ఈ లెక్క చేసుకోగలరు.

నా దృష్టిలో పుస్తకానికి ప్రాణం మూడో అధ్యాయం: పడవ పడిపోయినప్పుడు లేస్తుందా, లేవదా? ఆ అధ్యాయం రాసే రోజుల్లో రచయిత రెండు చిన్న నమూనాలు చేసి మా యార్డుకు పట్టుకొచ్చాడు. జానెడు పొడవు, ఫైబర్‌తోనే పోసినవి. ఒకటి వెడల్పుగా, బల్లపరుపు అడుగుతో ఉంది. రెండోది సన్నగా, లోతుగా, అడుగున సీసపు ముక్కతో ఉంది. నీళ్లు నింపి పరీక్షకు పెట్టిన ట్యాంకులో రెండింటినీ వదిలాడు. కొంచెం ఒరిగేలా వేలితో నొక్కితే వెడల్పుది గట్టిగా ఎదురు తిరిగింది, సన్నది సులువుగా వాలిపోయింది. పక్కన నిలబడ్డ పనివాళ్లంతా వెడల్పుదే మంచి పడవ అన్నారు. ఆ తర్వాత రెండింటినీ పూర్తిగా బోర్లించాడు. వెడల్పుది అలాగే తలకిందులుగా స్థిమితంగా ఉండిపోయింది. సన్నది వదిలీ వదలగానే గిర్రున తిరిగి లేచి నిలబడింది. ఎవరూ ఇంకేమీ అడగలేదు.

ఇదే పాఠాన్ని ప్రపంచం చాలా ఖరీదు పెట్టి నేర్చుకుంది. 1979 ఆగస్టులో బ్రిటన్ దగ్గర జరిగిన ఫాస్ట్‌నెట్ పోటీలో 303 పడవలు బయలుదేరాయి. మధ్యలో తుపాను విరుచుకుపడింది. పోటీదారుల్లో 15 మంది చనిపోయారు, 24 పడవలను నావికులు వదిలేయాల్సి వచ్చింది. ఆ తర్వాతే స్థిరత్వం మీద పరిశోధనలు ముమ్మరమయ్యాయి. ఎన్ని డిగ్రీలు ఒరిగేదాకా పడవ తనంతట తాను లేవగలదో లెక్కకట్టి చూడటం నిర్మాతలకు తప్పనిసరి అయింది. దూరసముద్రానికి పోయే పడవకు అది 120 డిగ్రీలకు తగ్గకూడదని ఇప్పుడు అనుభవజ్ఞులు అంటారు. తారిణి పసిఫిక్‌లో 60 నాట్లు దాటిన గాలులనూ, 7 మీటర్ల అలలనూ ఎదుర్కొందని చదివినప్పుడు, నీటి కింద దాగిన ఆ బరువే నాకు గుర్తొచ్చింది.

అయితే అడుగున బరువు పెంచుకుంటూ పోతే సరిపోదు. బరువెక్కిన పడవ చిన్న గాలికి కదలదు, దాన్ని కదిలించాలంటే పెద్ద తెరచాప కావాలి, పెద్ద తెరచాపకు పొడవైన స్తంభం కావాలి, ఆ స్తంభం బరువు మళ్లీ పడవను ఒరగదోస్తుంది. ఒకచోట లాభం తీసుకుంటే ఇంకోచోట వదులుకోవాలి. ఈ బేరాన్ని రచయిత ఎక్కడా దాచలేదు. రాబిన్ నాక్స్-జాన్‌స్టన్ నడిపిన సుహైలి గురించిన పేజీలు ఇందుకు సాక్ష్యం. బొంబాయిలో మన వడ్రంగులు టేకుతో కట్టిన 32 అడుగుల పడవ అది, బాగా నెమ్మది. 1968లో ఎక్కడా ఆగకుండా ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పోటీకి తొమ్మిదిమంది బయలుదేరితే, దాన్ని పూర్తి చేసింది ఆ నెమ్మది పడవ ఒక్కటే. 312 రోజులు పట్టింది.

రెసిన్ అధ్యాయాన్ని నేను పనివాడి కళ్లతో చదివాను. పైపూత వెనక సరిగా గట్టిపడని రెసిన్ మిగిలితే, ఏళ్లు గడిచేకొద్దీ నీరు లోపలికి దిగి, గోడ మీద పొక్కులు లేస్తాయి. హార్డ్‌నర్ కొలత, షెడ్డులో తేమ, పొరకూ పొరకూ మధ్య ఇవ్వాల్సిన వ్యవధి, అన్నీ మా కుర్రాళ్లు రోజూ వాడే మాటల్లోనే ఉన్నాయి. వానాకాలంలో మా షెడ్లలో పని ఎందుకు చెడుతుందో తెలియాలన్నా ఈ అధ్యాయం చదవాల్సిందే.

చుక్కాని గురించి మాత్రం తక్కువ రాశాడు. తిరుగు ప్రయాణంలో చుక్కాని తిప్పే యంత్రాంగం దెబ్బతినడం వల్లే తారిణి అనుకోకుండా మారిషస్‌లో ఆగాల్సి వచ్చింది. అంత ముఖ్యమైన భాగానికి ఆరు పేజీలు చాలవు. రెండో ముద్రణలో దీన్ని పెంచాలని రచయితకు పెద్దవాడిగా చెబుతున్నాను. అంతకు మించి నాకు లోపం కనిపించలేదు. ఇంత కష్టమైన విషయాన్ని ఇంత శుభ్రమైన తెలుగులో రాసిన చేతికి నా మనసారా ఆశీస్సులు.

పాశమైలారం, బొల్లారం షెడ్ల యజమానులకు ఒక మనవి. ఈ పుస్తకం ఒక ప్రతి కొని మీ పనివాళ్లకు అందేచోట పెట్టండి. ఐటీఐ, పాలిటెక్నిక్ ఉపాధ్యాయులు మూడో అధ్యాయంలోని ఆ రెండు నమూనాలను పిల్లల చేత చేయించండి. కావాల్సింది కాసింత రెసిన్, రెండు గజాల మ్యాటు, ఒక సీసపు ముక్క, ఒక నీళ్ల తొట్టి.