అమెరికా మడతచాకులు – ఒక పరిశీలన

అమెరికా మడతచాకులలో ఏది మేలు? మార్క్ ట్వేన్ 1876 నాటి ‘టామ్ సాయర్’ నవలలో బాలుడు మురిసిపోయిన ‘బార్లో’ చాకు ఏమీ కోయదు. పేరే దాని గొప్ప. 1964లో వచ్చిన ‘బక్ 110’ అలుగు తెరవగానే బిగిసి నిలుస్తుంది గాని, జేబుకు బరువు. నా మెప్పు ‘స్టాక్‌మన్’ చాకుకే. దానికి మూడు అలుగులు: మొనదేలినది ఒకటి, తిన్నని అంచుతో మొద్దుమొన గలది ఒకటి, దూడలకు విత్తులు తీయడానికి గుండ్రని మొన గలది ఒకటి. పశుపాలకుని పని అంతా ఆ పిడిలో మడిచి ఉన్నది.

అట్టి చాకును కొందరు సేకర్తలు అద్దాలపెట్టెలో దాచుతున్నారు. నవ్వకండి, మనమూ తాతల చెరకుకత్తులను గోడకు తగిలించి, వాటిని పట్టిన చేతుల పేర్లు మరచిపోయినాము. ముందు ఆ పేర్లు వ్రాసి పెట్టుకొందాము.